రోగం కానిదానికి మందు వేశాం

పిల్లలు కలగాలని వచ్చే ఆసుపత్రిలో నర్సునంటే, పుట్టిన పసికందుల్ని ఎత్తుకునే ఉద్యోగం అనుకుంటారు చాలామంది. పంజాగుట్టలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. మా దగ్గర ఒక్క కాన్పూ జరగలేదు. కడుపు నిలిచి, స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం కనిపించేదాకానే మా పని. ఆ తర్వాత ఆ అమ్మాయి కాన్పుల డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళిపోవడమే మాకు కావాలి. మనకు బాగా నచ్చినవాళ్ళు మళ్ళీ రాకూడదని కోరుకోవాల్సిన ఉద్యోగం ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు.

రిటైరై రెండేళ్ళయింది. మా చెల్లెలి కూతురు నర్సింగ్ చదివి ఇలాంటి చోటే చేరబోతూ, ముందు ఏం నేర్చుకోవాలి పెద్దమ్మా అని అడిగింది. ఇంజెక్షన్లు, ఫైళ్ళు, కంప్యూటరు వాళ్ళే నేర్పుతారులే అన్నాను. నేర్పనివి కొన్ని ఉన్నాయి. అవి తనకోసం, తనలాంటి పిల్లల కోసం రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది దాచిపెట్టి మిగతాది చెప్తే వట్టి గొప్పలే మిగులుతాయి.

మా డాక్టరమ్మ

నేను తెనాలి నుంచి వచ్చి చేరేసరికి ఆవిడకు నలభై దాటలేదు. అప్పటికే కోపిష్ఠి అని పేరు. చేరిన మొదటి వారంలోనే నన్ను పేషెంట్ల ముందు నిలబెట్టి తిట్టింది. ఒక అమ్మాయిని "నెలసరి ఎప్పుడొచ్చింది" అని అడిగి, ఆమె చెప్పిన తేదీని రాసేశాను. ఆవిడ ఆ కాగితం నా ముందుకు తోసి, మొదటి మరక కనిపించిన రోజా, బాగా అయిన రోజా, ఆగిన రోజా అని అడిగింది. నాకు తెలియదు. తెలియకపోతే పెన్ను ఎందుకు ఎత్తావని కేకలేసింది.

అప్పుడు ఏడ్చాను. తర్వాత అర్థమైంది. ఈ పనిలో అన్నిటికీ పునాది ఒకటే లెక్క. ఎర్రగా, సరిగ్గా మొదలైన రోజు మొదటి రోజు. రాబోయే నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు అండం విడుదలవుతుంది. అందరికీ పద్నాలుగో రోజే అని పుస్తకం చదివినవాళ్ళు చెప్తారు, అది ఇరవై ఎనిమిది రోజులకు వచ్చేవాళ్ళ మాట. ముప్పై అయిదు రోజులకు వచ్చే అమ్మాయికి ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతుంది. ఇరవై ఆరుకు వచ్చే అమ్మాయికి పన్నెండో రోజుకే అయిపోతుంది. విడుదలైన అండం ఒక్క రోజు కూడా నిలవదు. మగవాడి కణాలు నాలుగైదు రోజులు ఎదురు చూడగలవు. కాబట్టి అండానికి ముందున్న అయిదారు రోజులే అసలైన రోజులు. ఆ రోజు దాటాక ఎంత ఆరాటపడ్డా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

బెండకాయ పాఠం

లెక్క ఒక్కటే చాలదు, ఒళ్ళు కూడా చెప్తుంది. ఫోన్‌లో యాప్ చూపించి "ఈ రోజేనట సిస్టర్" అనే పిల్లలు ఇప్పుడు ఎక్కువ. యాప్‌కు పోయిన నెలల సంగతి తెలుసు గాని ఈ నెల నీకు జ్వరమొచ్చిన సంగతి తెలియదు. ఒంటికి తెలుసు.

అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు కిందినుంచి వచ్చే జిగురు. మామూలు రోజుల్లో పొడిగానో, చిక్కగానో ఉంటుంది. అండం విడుదలకు ముందు రెండు మూడు రోజులు పల్చబడి, తేటగా, జారుడుగా, వేళ్ళ మధ్య సాగేలా వస్తుంది. శ్రీనగర్ కాలనీ నుంచి ఒక బ్యాంకు ఆఫీసరమ్మ వచ్చేది. ఆమెకు పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా ఉంటుందండీ అని వివరించాను. ఆమె మొహం మాడ్చుకుని, మేం గుడ్డు ముట్టుకోం అంది. పక్క గదిలోంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది, "సుభద్రా, బెండకాయ చెప్పు" అని. లేత బెండకాయ కోసినప్పుడు కత్తికీ చెక్కకీ మధ్య సాగే జిగురు చూశారా అంటే వెంటనే అర్థమైంది. ఆ రోజు నుంచి మాంసం తినేవాళ్ళకు కూడా బెండకాయే చెప్పాను.

కొందరికి ఆ సమయంలో పొత్తికడుపులో ఒక పక్క సన్నగా పోటు వస్తుంది. కొందరికి రొమ్ములు బరువెక్కుతాయి. మందుల షాపులో దొరికే పరీక్ష పట్టీ మూత్రంలో ముంచితే, అండం ఒకటి ఒకటిన్నర రోజుల్లో రాబోతోందని ముందే చెప్తుంది, అయితే అండాశయంలో నీటి బుడగలున్న అమ్మాయిలకు ఊరికే అవునని చెప్పే అలవాటు దానికి ఉంది. పొద్దున మంచం దిగకముందే థర్మామీటర్ పెట్టుకుంటే అండం విడుదలయ్యాక వేడి కొద్దిగా పెరిగి నిలబడుతుంది. అది బస్సు వెళ్ళిపోయిందని చెప్పే గుర్తు. రెండు మూడు నెలలు రాసుకుంటే వచ్చే నెల బస్సు ఎప్పుడో తెలుస్తుంది.

ఒక సంగతి కచ్చితంగా చెప్పండి. వాసన, దురద, మంట, పెరుగు విరిగినట్టు తెల్లటి ముక్కలు ఉంటే అది జబ్బు, చూపించుకోవాలి. తేటగా సాగే జిగురు జబ్బు కాదు. ఈ రెండింటికీ తేడా అడిగి తెలుసుకోకపోవడం వల్లే నేను దెబ్బతిన్నాను.

లావణ్య

రిటైర్ అవ్వడానికి ఏడాది ముందు వచ్చింది. ముప్పై ఒక్కేళ్ళు. సిరిసిల్ల నేత కుటుంబాలు వాళ్ళవి. అమీర్‌పేటలో ఒక లేడీస్ టైలర్ షాపులో ఆమె జాకెట్లు కుడుతుంది, భర్త రమేష్ అక్కడే కటింగ్ మాస్టర్. మధురానగర్‌లో రెండు గదుల ఇల్లు, తోడు అత్తగారు నర్సవ్వ. పెళ్ళయి అయిదేళ్ళు. రమేష్ పరీక్ష బాగానే వచ్చింది. ఆమె గర్భనాళాలు బాగానే ఉన్నాయి. అత్తగారు ఒక్క మాటా అనదని లావణ్యే చెప్పింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చుట్టాలు అడిగే ప్రశ్నలు మాత్రం ఆమెను లోపల్లోపల తినేస్తున్నాయి. ఏడాదిగా ఏ బారసాలకూ వెళ్ళలేదు.

నేను తేదీలు అడిగితే ఫోన్ తీసి, గోడ మీది క్యాలెండర్ ఫోటోలు చూపించింది. ప్రతి నెలా ఒక తేదీ చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గుండ్రంగా గీత. రెండేళ్ళవి, ఒక్కటీ తప్పలేదు. నాకెంత ముచ్చటేసిందో. ఇంత శ్రద్ధగా లెక్క పెట్టుకునే పిల్లలు ఎక్కడున్నారమ్మా అని మెచ్చుకుని, ఆ తేదీలే ఫైల్లో ఎక్కించాను. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నదాన్ని. ఎర్రగా మొదలైంది ఏ రోజని అడగలేదు.

అప్పుడే ఇంకో మాట చెప్పింది తల వంచుకుని. తెల్లబట్ట అవుతోందని, అత్తమ్మ బార్లీ నీళ్ళు కాచి ఇస్తోందని. నేను "తెల్లబట్ట" అని రాసి డాక్టరు గదికి పంపాను. మా జూనియర్ డాక్టర్లు మందు బిళ్ళలు రాశారు. తగ్గలేదు. మళ్ళీ రాశారు. పదో రోజు నుంచి పదహారో రోజు దాకా రోజు విడిచి రోజు కలవమని అందరికీ ఇచ్చే కాగితం ఇచ్చాం. పదో రోజు స్కాన్‌కు రమ్మన్నాం. వారానికి మూడు రోజులు వచ్చే స్కాన్ డాక్టరు ప్రతిసారీ ఒకటే రాశాడు, అండం పెరగలేదని. అండం పెరగడానికి బిళ్ళలు ఇచ్చాం. అయినా అదే మాట.

ఎనిమిది నెలలు గడిచాయి. నెలనెలా మెట్లెక్కి వచ్చేటప్పుడు ఆమె మొహం ఇంకాస్త చిన్నబోయేది. మొదట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. పోను పోను మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచి కూర్చోవడం మొదలుపెట్టారు. నేను చూశాను. ఏంటమ్మా అని అడగాలనిపించింది. క్యూ పెద్దగా ఉందని ఊరుకున్నాను.

వచ్చే నెల ఇంజెక్షన్లు మొదలుపెట్టాలనుకున్న సమయంలో స్కాన్ డాక్టరు సెలవు పెట్టాడు. మా డాక్టరమ్మే గదిలో కూర్చుంది. లావణ్యను పడుకోబెట్టి తెర చూసింది. అండం పెరిగి, పగిలి, దాని నీళ్ళు గర్భసంచి వెనక కాస్త మిగిలి ఉన్నాయి. లోపలి పొర కూడా అండం విడుదలైన తర్వాత ఉండే పొరే. రెండు రోజులు దాటిందంది ఆవిడ. ఈ తేదీ ఎవరు రాశారని అడిగింది. నేనే అన్నాను.

ఎర్రగా మొదలైంది ఏ రోజమ్మా అని లావణ్యను అడిగింది. లావణ్య వేళ్ళమీద లెక్కపెట్టి, ఎర్ర గీతకు నాలుగు రోజుల ముందు తేదీ చెప్పింది. మరి ఈ గీత ఏంటంటే, "అది తలకు తానం చేసిన దినం మేడమ్. అత్తమ్మ గీస్తది. గప్పటి సంది దేవుని దగ్గరికి పోవొచ్చు కద," అంది.

నా తల తీసి మొలేసినట్టయింది. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. మా అమ్మకు అయిదో రోజు స్నానమే లెక్క. మొదటి రోజు గురించి ఇంట్లో ఎవరూ పలకరు, స్నానం రోజే అందరికీ తెలిసిన రోజు. ఇంటి ఆచారం తెలిసి కూడా అడగకపోవడం తెలియనివాళ్ళ తప్పు కంటే పెద్దది. లావణ్యకు నెలసరి ఇరవై ఆరు రోజులకు వస్తుంది. స్నానం నుంచి లెక్కేసిన పదో రోజు నిజానికి పద్నాలుగో రోజు. అండం పన్నెండుకే అయిపోతోంది. ఎనిమిది నెలలు ఆ ఇద్దరినీ రైలు వెళ్ళాక స్టేషన్‌కు పంపాం.

డాక్టరమ్మ ఫైలు తిరగేసింది. "తెల్లబట్ట" నా చేతిరాతతో అయిదు చోట్ల ఉంది. అది ఎలా ఉంటుందమ్మా, ఎన్ని రోజులు అని అడిగింది.

"దారం తీర్గ సాగుతది మేడమ్. నెలకు రెండు మూడు దినాలే. తానం చేసినంక వారానికి వస్తది."

డాక్టరమ్మ ఫైలు మూసేసి నా వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

చెప్పాలా వద్దా

లావణ్య చీర సర్దుకుంటుంటే ఆవిడ నన్ను పక్కకు పిలిచి, నువ్వు చెప్తావా నేను చెప్పనా అంది. ఈ నెల నుంచి తేదీలు మార్చి ఇద్దాం, మళ్ళీ అదంతా ఎందుకు అన్నాను. ఆసుపత్రి పేరు పోతుందని కూడా అన్నాను. నా పేరు పోతుందన్నది అసలు భయం.

"ఆ అమ్మాయి తన ఒంట్లో అండమే పెరగదని నమ్ముతోంది సుభద్రా. ఆ నమ్మకంతో ఇంకో రాత్రి కూడా పడుకోనక్కర్లేదు," అంది ఆవిడ.

కొత్తగా చేరే పిల్లలకు ఇది గట్టిగా చెప్తున్నాను. ఇలాంటి చోట మనం చేసే తప్పు ఫైల్లో ఉండిపోదు. ఇంటికి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన పడుకుంటుంది. తప్పు మనదని మనం చెప్పకపోతే అది తనదేనని ఆమె అనుకుంటుంది.

ఇద్దరినీ బరువు చూసే చిన్న గదిలోకి పిలిచి తలుపు వేశాను. మొత్తం చెప్పాను. లెక్క తప్పు రాసింది నేనని, తెల్లబట్ట అన్నది అండం రాబోతోందని చెప్పే గుర్తని, అది రోగం కాదని, మందులు అనవసరంగా వేశామని. అండం నెలనెలా చక్కగా పెరుగుతోందని, మేమే ఆలస్యంగా చూశామని. నన్ను క్షమించమని అడిగాను. ఆమె తిడుతుందని, రమేష్ గొడవ చేస్తాడని సిద్ధపడే ఉన్నాను.

లావణ్య నా మొహంలోకి చూస్తూ, "అంటే నా లోపల ఏం ఖరాబు లేదా మేడమ్?" అంది.

లేదమ్మా అన్నాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపులో కోపం లేదు. ఆ జిగురు కనిపించిన రోజుల్లో భర్తకు రోగం అంటుకుంటుందని భయపడి పక్క తీసుకెళ్ళి అత్తగారి దగ్గర వేసుకునేదాన్నని ఏడుస్తూనే చెప్పింది. కలవాల్సిన రోజుల్లోనే ప్రతి నెలా దూరం జరిగింది. సిగ్గుతో కారణం అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

రమేష్ అంతసేపూ తూకం మిషన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి భార్యతో చాలా మెల్లిగా, "నా మీద మనసు ఇరిగిందనుకున్న లావణ్యా," అన్నాడు.

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. ఆ గదిలోకి పావుగంట ఎవర్నీ పోనివ్వలేదు. బరువు చూపించుకోవాల్సినవాళ్ళు నన్ను తిట్టుకుంటూ కారిడార్‌లో నిలబడ్డారు.

తేదీలకు బానిసలు కావద్దు

ఇంజెక్షన్ల ఆలోచన మానేశాం. డాక్టరమ్మ వాళ్ళకు ఆరు నెలలు గడువిచ్చింది. నేను కొత్త కాగితం రాసిచ్చాను గాని, దాన్ని గోడకు అంటించుకోవద్దన్నాను. నెలసరి ఆగిన దగ్గర్నుంచి రెండు రోజులకోసారి కలిసి ఉంటే ఏ గుర్తూ వెతకనక్కర్లేదు, అసలైన రోజు వాటిలోనే పడుతుంది. గుర్తులు తెలుసుకోవాల్సింది ధైర్యం కోసం, డ్యూటీ కోసం కాదు. "ఈ రోజు తొమ్మిదింటికల్లా ఇంటికి రా" అని ఫోన్లో ఆర్డర్ వేసే పెళ్ళాలనూ, ఆ రోజే ఊరెళ్ళే మొగుళ్ళనూ చాలామందిని చూశాను. ఆర్డర్ మీద వచ్చే మనిషికి ప్రేమ ఎక్కడ పుడుతుంది?

అలాగని ఏళ్ళ తరబడి ఎదురు చూడమనీ చెప్పకండి. ఏడాది ప్రయత్నించాక రావాలి, ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే రావాలి, నెలసరి సరిగా రానివాళ్ళు అంతకంటే ముందే రావాలి. వచ్చినప్పుడు ఇద్దరూ రావాలి. మగవాడి పరీక్ష తేలిక, నొప్పి లేనిది, అయినా దానికి ఒప్పించడానికే నాకు గొంతు పోయేది. గుర్తులన్నీ సరిగ్గా తెలిసీ, రోజులన్నీ సరిగ్గా కలిసీ కడుపు నిలవనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ విషయంలో తప్పు ఎవరిదీ కాదు. వాళ్ళకు ఆ మాట చెప్పడం మర్చిపోకండి.

మధురానగర్‌లో

రెండు నెలలు ఏమీ కాలేదు. ఈలోగా నేను రిటైరయ్యాను. ఒకరోజు పొద్దున్నే లావణ్య ఫోన్ చేసింది. నెలసరి తొమ్మిది రోజులు దాటిందట. పరీక్ష పట్టీ తెచ్చుకుందట గాని ముట్టుకోవాలంటే ధైర్యం చాలడం లేదట. "జర మీరొచ్చి పక్కన ఉంటరా మేడమ్?" అంది. మా ఇంటి నుంచి మెట్రోలో మూడు స్టేషన్లు. కాఫీ కూడా తాగకుండా బయల్దేరాను.

రమేష్ గుమ్మంలోనే ఉన్నాడు. లావణ్య స్నానాల గదిలోకి వెళ్ళి, పట్టీ తెచ్చి, తను చూడకుండా నా చేతిలో పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళలో అలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు, అయినా కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి చూశాను. రెండో గీత ముందు లేతగా వచ్చి, చూస్తుండగానే చిక్కబడింది. అవునమ్మా అన్నాను. లావణ్య నన్ను పట్టుకుంది, తర్వాత వదిలేసి అతన్ని పట్టుకుంది. ఇంకా తొలి రోజులే, స్కాన్ అయ్యేదాకా నెమ్మదిగా ఉండమని ఏదో జాగ్రత్త చెప్పబోయాను. ఎవరూ వినలేదు. నేనూ పట్టుబట్టలేదు.

నర్సవ్వగారు వంటింట్లోకి వెళ్ళింది. తీపి చేయడానికేమో అనుకున్నాను. ఎంతకీ చప్పుడు లేకపోతే వెళ్ళి చూశాను. పొయ్యి వెలిగించలేదు. నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సంతోషంతో ఏడుస్తోందనుకుని పక్కన కూర్చున్నాను.

"ఒక మాట అడుగుత మేడమ్," అంది. "దారం తీర్గ సాగేది రోగం కాదన్నరట కద మీరు. కోడలు చెప్పింది. నాకు సుత అట్లనే అయ్యేది."

పదహారేళ్ళకు పెళ్ళయిందట ఆమెకు. ఎనిమిదేళ్ళు పిల్లల్లేరు. ఆ జిగురు చూసి ఆమె అత్తగారు ఇది ఒంట్లో వేడి, రోగం అని ఆ రోజుల్లో మగ్గాల షెడ్డులో పడుకోబెట్టేదట. కషాయాలు తాగించారు. గొడ్రాలని పేరంటాలకు పిలవడం మానేశారు. రమేష్ పుట్టాక కూడా, కషాయాల వల్లే పుట్టాడన్నారు గాని ఆమెకు రోగం లేదని ఎవరూ అనలేదు. తనకు ఇచ్చిన వైద్యమే ఆమె కోడలికి ఇచ్చింది, ప్రేమతోనే ఇచ్చింది.

"గప్పుడు నాది సుత రోగం కాదా?" అని అడిగింది.

కాదండీ నర్సవ్వగారూ అన్నాను. ఆమె తల ఊపింది. పక్క గదిలో రమేష్ ఏదో అంటే లావణ్య నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా విని, గొంతు తగ్గించి అంది.

"మా ఆయన సచ్చిపోయి ఆరేండ్లాయె. పొయ్యేదాంక నేను రోగపుదాన్ననే అనుకున్నడు మేడమ్."